రెండు మార్కుల ప్రశ్న

సిరొంచల తొమ్మిదో తరగతి.
పుస్తకంల మరాఠీ, నల్లబల్ల మీద మరాఠీ,
కిటికీ అవుతల ప్రాణహిత ఒడ్డున
పడవోళ్ల తిట్లు మాత్రం తెలుగు.

బోకారే సార్ నాగపూర్ దిక్కు మనిషి.
చాక్‌పీసును చుట్ట లెక్క పట్టుకొని
పాతకాలపు అపరాధ పరిశోధన పాఠం మొదలువెట్టిండు:
ఒక పెద్ద వాడా, వానరాత్రి,
మాయమైన పచ్చల హారం,
గుర్రబ్బండి దిగిన సన్నటి మనిషి,
చేతిల భూతద్దం, నోట్ల తక్కువ మాటలు.

నలభై ఇద్దరం మేము.
వినేది ఒక భాషల, భయపడేది ఇంకో భాషల.
చోర్ అంటడు సార్.
తలుపు మూసినట్టు టక్కుమంటది ఆ మాట.
మా దొంగ అట్ల కాదు,
నడుమ సున్నా ఉంటది
గోడకు కన్నం లెక్క.
అందుల నుంచే దూరి పోతడు.
(బల్ల మీద కంపాస్ ముల్లుతోని ఆ మాట చెక్కినందుకు
నేను తిన్న దెబ్బలు తొమ్మిది.)

ఆఖరి భాగం చదువకుండ ఆపిండు సార్.
"ఎవరు తీసిండ్లు? నాలుగొద్దులు ఆలోచించుండ్రి."
ఆ నాలుగొద్దులు ఊరంత అనుమానమే.
టేకు డిపో కాడ లారీ టైర్ల జాడ జానలతోని కొలిచినం.
పాత కోట గోడ కింద బీడీ ముక్కలు ఏరి
తారీఖు రాసి పొట్లం గట్టినం.
సమ్మయ్య సేటు తరాజు కింద అంటిన బెల్లాన్ని
వాసన జూసి, నాలుకతోని జూసి,
తన్నులు తిన్నం.

సోమవారం సార్ అడిగితే
నలభై ఒక్క గొంతులు:
"నౌకర్, సార్!"

లచ్చుబాయి నోరు తెరువలే.
సార్ లేపిండు.
అడివి శాఖ బంగ్లాల గిన్నెలు తోముతది వాళ్లమ్మ.
మరాఠీ సగం తెలుగు సగం కలిపి,
బల్ల అంచు గిల్లుకుంట చెప్పింది:
"నౌకరు తీసుంటే ఈ కథే లేకపోతుండె సార్.
మొదటి పేజీలనే కట్టేసి కొడుతుండిరి.
భూతద్దమాయన్ను
పిలువనే పిలువకపోతుండిరి."

నవ్వినం.
నేను గూడ నవ్విన, అందరికన్న ఎక్కువ.
సార్ నవ్వలే.
పుస్తకం తెరిచి మెల్లగ చదివిండు.
హారం గంజికుండల దొరికింది.
దొంగ నౌకరే.
వెనుక బెంచీలు చప్పట్లు గొట్టినయి.

ఆరునెల్ల పరీక్షల రెండు మార్కుల ప్రశ్న:
హారం దొంగిలించినది ఎవరు?
ఒక్క మాట చాలు.
లచ్చుబాయి ఒకటిన్నర పేజీ రాసింది.

కిటికీ కింద బురదల మడిమెల బూట్ల అచ్చులున్నయట.
మూడో పేజీల నౌకరు కాళ్ల పగుళ్ల గురించి ఉన్నదట,
చెప్పులు లేక రాళ్లు గుచ్చుకునే కాళ్లట.
మరి బూట్లు ఎవరియి?
వాడాల బూట్లు తొడిగేది అల్లుడొక్కడే.
"రాసినాయన మరిచిపోయిండు సార్" అని
కింద ఒక గీత గొట్టి, తెలుగులనే రాసింది.

ఆ కాయితం నేను చూసిన.
ఎర్ర సిరాతోని సున్నా.
మా దొంగ నడుమ ఉండే అసొంటిదే,
కాని మొత్తం కలువలే.
కింద జరంత సందు.
సందు పక్కన సిరా ఆగి, ఉబ్బి,
చుక్కయింది.

ఇంటికి వొయ్యి నాయన ఎర్ర పెన్ను పట్టి
కాయితం మీద ఆనిచ్చి కదలకుండ కూసున్న.
ఒకటి, రెండు...
పదిహేడు లెక్కవెట్టినంక
నా చుక్క ఆ చుక్కంత అయింది.

మరుసటేడు చిన్నోళ్లకు సార్ ఆ పాఠం చెప్పలే.
వానలకు బడి మూతవడి
పోర్షన్ ఒడువలేదన్నడట.

హాజరు పట్టీల మూతవడ్డ దినాలు ఎంచిన.
రెండే.